పొగిడితే నోరు తెరవకూడదు

కూతురికి రోజుకో నీతి అన్నది తూనికల ఇన్‌స్పెక్టరు పెట్టిన నియమం. పొద్దున పళ్ళు తోమేటప్పుడు కథ, పాలు తాగేటప్పుడు నీతి, ఇక పడుకునేదాకా ఆ నీతికి పరీక్ష. దుకాణాల్లో తూకపురాళ్ళను తనిఖీ చేసినట్టే పిల్లనూ చెప్పాపెట్టకుండా తనిఖీ చేసేవాడు. అత్యాశ కూడదన్న రోజున పళ్ళెంలో రెండు బిస్కెట్లు పెట్టి, రెండోది కూడా తీస్తుందేమోనని తలుపు చాటున ముప్పావుగంట నిలబడ్డాడు.

ఒకరోజు పదింటికి బడిలో పిల్ల సీటుకు ఇంటర్వ్యూ. రెండు బళ్ళు అప్పటికే కాదన్నాయి. ఈ ఏడాదికి మిగిలింది ఇదొక్కటే.

"ఇవాళ ఒక్కరోజుకీ ఆ కథ మానెయ్యండి. పిల్లని హాయిగా వెళ్ళనివ్వండి," అంది భార్య.

"నీతికి సెలవులుంటాయా?" అని కసిరాడు. ఆయన కోపానికి ఎప్పుడూ న్యాయమైన కారణమే ఉండేది. కాకపోతే అది కోపం వచ్చాక దొరికేది.

ఆనాటి వంతు కాకిది. నోట్లో రొట్టెముక్కతో కొమ్మ మీద కూర్చుంది. నక్క వచ్చి, నీ గొంతు ఎంత బాగుంటుందో, ఒక పాట పాడమంది. కాకి నోరు తెరిచింది. రొట్టె నక్క పాలైంది.

"నీతి?"

"ఎవరైనా పొగిడి పాడమంటే నోరు తెరవకూడదు!" అంది పిచ్చుక. లొడలొడా వాగుతుందని నాలుగేళ్ళ పిల్లకు ఇంట్లో స్థిరపడిన పేరది.

బడిలో హెడ్‌మిస్ట్రెస్ కళ్ళజోడు సవరించుకుని ముందుకు వంగింది. "అబ్బ, ఎంత ముద్దొస్తున్నావే! నీ గొంతు ఇంకెంత బాగుంటుందో. ఒక పాట పాడమ్మా."

పిచ్చుక తండ్రి వైపు ఓరగా చూసి పెదాలు బిగించింది.

ఇన్‌స్పెక్టరు కూతురి వైపు వంగాడు. "పాడమ్మా," అన్నాడు. "పాడవే!" అన్నాడు.

పిల్ల కళ్ళు మెరిశాయి. తలుపు చాటు నాన్న ఈసారి ఎదురుగానే నిలబడి పరీక్ష పెడుతున్నాడు, అంతే. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"నోట్లో ఏదో ఉన్నట్టుంది," అంది పక్కనున్న టీచరు. బల్ల మీద, పిల్లలు దారానికి గుచ్చే పూసల్ని గబగబా చూసింది. "అయ్యో మేడమ్, ఎర్రపూస లేదు! మింగేసిందేమో!"

ఆయా పరుగెత్తుకొచ్చి పిల్ల వీపు చరిచింది. హెడ్‌మిస్ట్రెస్ డాక్టరుకు ఫోన్ కలిపింది. "నా బంగారు కొండవి కదూ, నీ అంత తెలివైన పిల్ల ఉందా, ఒక్కసారి నోరు తెరువు తల్లీ," అని టీచరు బతిమాలిన కొద్దీ పిల్ల బిగుసుకుపోయింది.

"అనుభవించండి," అంది భార్య పళ్ళు కొరుకుతూ.

"పొగడొద్దండీ!" ఇన్‌స్పెక్టరు బల్ల గుద్దాడు. పూసలన్నీ ఎగిరి నేల మీద పడ్డాయి. "పొగిడితే తెరవదు! తిట్టండి!"

"పసిపిల్లని తిట్టాలా? అవేం మాటలండీ?" అంది టీచరు.

"మీకు చేతకాకపోతే నేనే తిడతాను! ఒసే మొద్దూ! నీకు పాటా రాదు, మాటా రాదు! నీది గాడిద గొంతు! నోరు తెరువు!"

ఆ తిట్లు తనవి కావని, ఎప్పుడో తన తండ్రి నోట విన్నవేనని ఆయనకు ఉన్నట్టుండి స్ఫురించింది. దాంతో కోపం ఇంకా పెరిగింది.

పొగడ్త లేదు గనక ప్రమాదమూ లేదనుకుంది పిచ్చుక. నోరు బార్లా తెరిచింది. లోపల నాలుకా చిన్న చిన్న పళ్ళూ తప్ప ఏమీ లేవు.

"నేను గెలిచానా, నాన్నా?"

ఎర్రపూస టీచరు చెప్పు కింద దొరికింది.

ఇన్‌స్పెక్టరు చెమట తుడుచుకుని జరిగిందంతా చెప్పాడు. ఎవరూ నవ్వకపోవడం చూసి ఒళ్ళు మండింది. "ఇక మమ్మల్ని పొమ్మంటారు, అంతేగా!" అని కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగండి," అంది హెడ్‌మిస్ట్రెస్. "ఇంతమంది బతిమాలినా పొగిడినా విన్న మాట మీద నిలబడింది. పొద్దుటి నుంచి ఇలాంటి పిల్లని చూడలేదు. సీటిస్తున్నాం."

భార్య కుర్చీలో కూలబడి కళ్ళొత్తుకుంది.

"అయితే రేపు నేనే తీసుకొచ్చి..."

"మీరు కాదు." హెడ్‌మిస్ట్రెస్ తలెత్తకుండా ఫారం నింపుతోంది. "పిల్లని దింపడానికి అమ్మగారు వస్తారు. మీరు గేటు దాటి లోపలికి రాకూడదు. ఒప్పుకుంటున్నట్టు ఇక్కడ సంతకం పెట్టండి."

ఆయన కాగితం చిరిగేలా సంతకం పెట్టాడు. సీటు దొరికినందుకు అంత కోపం తెచ్చుకున్న తండ్రిని ఆ బడి అంతకుముందెన్నడూ చూడలేదు.