చైనుకు నూనె, చీరకు చుక్కలు

ఆదివారం పూట మొగుడు ఇంట్లో ఏ పనీ ముట్టుకోడని బాధపడుతున్నారా? ఆలస్యం చేయకండి. చైన్ బయటికి కనబడే మోటార్‌సైకిల్ ఒకటి ఆయనకు కొనిపెట్టండి! సంసారం నిలబడేది ప్రేమ మీద, నమ్మకం మీద అని పెద్దలు ఇన్నాళ్లూ మనల్ని మభ్యపెట్టారు. సంసారం నిలబడేది సెంటర్ స్టాండ్ మీద.

నవ్వకండి. శంషాబాద్‌లో మా వీధికి వచ్చి చూడండి. ఆదివారం తెల్లారేసరికి మా ఆయన రాఘవేందర్ వాకిట్లో బండికి స్టాండ్ వేసి, పక్కన పీట వేసుకుని కూర్చుంటాడు. ఒక డబ్బాలో డీజిల్, ఒక బ్రష్షు, ఒక పాతగుడ్డ, ఒక నూనె సీసా. దేవుడి గదిలో ఆయన అంత శ్రద్ధగా కూర్చోగా నేనెన్నడూ చూడలేదు.

ఎయిర్‌పోర్టు కార్గోలో పనిచేస్తాడు లెండి. మా ఇంటి మీదుగా విమానం వెళ్లినప్పుడల్లా తల పైకెత్తి, "గంత పెద్దది ఎట్ల ఎగురుతున్నదనుకున్నవ్? మెయింటెనెన్స్!" అంటాడు. నేను చీపురు పట్టుకుని భక్తిగా వింటాను.

ఈ చైను వల్ల మాకు కలిగిన లాభాలు ఒకటా రెండా!

టూత్‌బ్రష్ తరచుగా మార్చండని పళ్ల డాక్టర్లు నెత్తీనోరూ కొట్టుకుంటారు. ఎవరు వింటున్నారు? మా ఇంట్లో బ్రష్షు కాస్త వంగితే చాలు, ప్రమోషన్ వచ్చి చైను దగ్గరికి వెళ్లిపోతుంది. ఒక్కోసారి వంగకముందే వెళ్తుంది. మా అత్తమ్మ శివమ్మ బ్రష్షు అలా వెళ్లిపోయిన నాటినుంచి ఆమె వేపపుల్లకు మారింది. ఇప్పుడు ఆమె పళ్లు నా పళ్ల కంటే గట్టిగా ఉన్నాయి. చైను చలవ కాదూ!

ఇక భద్రత. ఫ్రిజ్ తలుపు మీద, కుళాయి మీద, టీకప్పు చెవి మీద, టీవీ రిమోట్ మీద మా ఆయన నల్లటి వేలిముద్రలు చెక్కుచెదరకుండా ఉంటాయి. రేపు మా ఇంట్లో దొంగలు పడితే పోలీసులకు ఎంత సుఖం! మా ఆయనవి పక్కన పెట్టేస్తే మిగిలినవన్నీ దొంగవే.

జ్ఞానం మాటేమిటంటారా? "మస్తు బిగిస్తె తెగుతది, మస్తు ఒదిలేస్తె ఊడుతది. జర ఆట ఉండాలె" అని చైను కింద వేలు పెట్టి ఊపి చూపిస్తాడు. ఇంత వేదాంతం ఏ ప్రవచనంలో దొరుకుతుంది? గడపలో కూర్చున్న అత్తమ్మ మాత్రం, "గా బండికి జేసిన సేవ నాకు జేస్తె నా మోకాళ్ల నొప్పులు ఎప్పుడో పోతుండె కొడుకా" అంటుంది. ఆమెకు మెకానిక్కు పని మీద గౌరవం లేదు.

ఇక దాంపత్యం! బ్రష్షుతో రుద్దేటప్పుడు వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పే మనిషి కావాలి. నన్ను పిలుస్తాడు. పొయ్యి మీద పప్పు ఉన్నా సరే, పిలుస్తాడు. "జర తిప్పు. గట్ల గాదు, ఉల్టా." పెళ్లయ్యాక మేమిద్దరం కలిసి ఎక్కడా తిరగలేదని మా చుట్టాలు అంటారు. ఎందుకు తిరగలేదు? ప్రతి ఆదివారం ఇద్దరం కలిసే కదా చక్రం తిప్పుతున్నాం!

అదే నూనె సీసాలోంచి ఒక్క చుక్క మా గేటుకు వేయమని ఎన్నోసార్లు అడిగాను. గేటు తీస్తే దాని అరుపుకు వీధంతా లేచి కూర్చుంటుంది. "ఏందక్కా, పాలాయన పోయిండా?" అని పక్కింటి మైమూనా గోడ అవతలి నుంచే అడుగుతుంది. ఎవరు ఎంత విసురుగా తోస్తారో ఆ అరుపును బట్టి ఆమెకు తెలుసు. మా ఆయన మాత్రం కదలడు. "గది చైన్ ఆయిల్. గేటుకు ఎట్ల పోస్తరు?" నిజమే. హోదా అంటూ ఒకటి ఉంటుంది.

ఇప్పుడు అసలు గొప్పదనానికి వస్తాను. చైనుకు కంపెనీవాళ్లు ఒక రేకు మూత ఇస్తారు. పక్కకు కూర్చునే ఆడవాళ్ల కాళ్లూ కొంగులూ చక్రంలో పడకుండా శారీ గార్డ్ కూడా బిగించి ఇస్తారు. ఆ రెంటినీ మా ఆయన ఎప్పుడో విప్పి అటక ఎక్కించాడు. ఎందుకన్నారా?

"గింత మంచిగ తుడిసి మల్ల మూత పెడితె ఎవ్వలు సూస్తరు?"

ఏం తప్పుంది? మనం మాత్రం మెడలోకి గొలుసు చేయించుకుని పైట కింద దాచుకుంటామా?

పైగా ఆ ఏర్పాటు ఎంత పకడ్బందీగా ఉందో చూడండి. మూత లేదు కాబట్టి హైవే దుమ్మంతా చైనుకే పడుతుంది. దుమ్ము పడింది కాబట్టి తుడిచి నూనె పోయాలి. ఇంత కష్టపడి తుడిచింది నలుగురూ చూడాలి కాబట్టి మూత ఉండకూడదు!

నూనె పోయడంలో మా ఆయనది పెద్ద చెయ్యి. బండి కదిలి చక్రం జోరందుకోగానే ఎక్కువైన నూనె చిమ్ముతుంది. ఎటువైపు? చైను ఎటుంటే అటు. నేను కాళ్లు ఎటు వేసి కూర్చుంటాను? సరిగ్గా అటే! దాంతో నా ప్రతి చీర అంచుకూ ఏ నేతగాడూ నేయలేని నల్లచుక్కల డిజైన్ ఉచితంగా వచ్చి చేరుతుంది. ఆ సంగతి చెబితే మా ఆయన ఓపిగ్గా నేర్పించాడు. "నువ్వు కాళ్లు జర దూరం పెట్టి కూసోవాలె."

మూడేళ్ల కిందట సాతంరాయిలో మా తమ్ముడు లక్ష్మణ్ నాకు ఒడిబియ్యం పోశాడు. పెళ్లయిన ఇంటి ఆడబిడ్డనూ ఆమె మొగుణ్ణీ పీటల మీద కూర్చోబెట్టి, కొత్త బట్టలు పెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోసి పంపడం మా వైపు ఆనవాయితీ. గగన్‌పహాడ్‌లో ఒక షెడ్డులో రాత్రనక పగలనక పనిచేసే తమ్ముడు చిలకపచ్చ పట్టుచీర పెట్టాడు. ఆ చీర కట్టుకుని, బియ్యం ఒళ్లో పెట్టుకుని, చైనుకు కొత్తగా నూనె పోసిన బండి మీద ఇంటికి వచ్చాను.

ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ చుక్కలు పోలేదు. కొన్నాళ్లకు ఒక ఆదివారం మా ఆయన చేతిలోని గుడ్డ చిలకపచ్చగా కనిపించింది. "ఎట్లయినా ఖరాబైంది గదా" అన్నాడు. పుట్టింటివాళ్ల ప్రేమ ఆఖరికి బండికి కూడా అందుతోందంటే ఏ ఇల్లాలు అడ్డుపడుతుంది?

పోయిన నెల తమ్ముడు మళ్లీ ఒడిబియ్యానికి పిలిచాడు. ఈసారి పెట్టబోయే చీర మరక లేకుండా నా బీరువా చేరితే చాలని మొక్కుకున్నాను. మా ఆయనేమో పొద్దున్నే పీట వేసుకున్నాడు. "మీ తమ్మునింటికి పోతున్నం. బండి సప్పుడు జేస్తె నా ఇజ్జత్ ఏం గావాలె?"

మరదలు సుమలత ఫోన్ చేసింది. "వదినె, వర్జ్యం ఒస్తది, జల్ది రాండ్రి."

"నూనె దిగాలె. జర ఆగమను" అన్నాడు మా ఆయన. ఆపరేషన్ చేసిన డాక్టరు కూడా బంధువులతో అంత గంభీరంగా మాట్లాడడు. ఆగాం. ఎలాగో వర్జ్యం రాకముందే చేరాం. సుమలత నా పాతచీర అంచు చూసి, "బండి మీద ఒచ్చినవా వదినె, బొగ్గుబాయిల కెల్లి ఒచ్చినవా?" అంది.

పీటల మీద కూర్చున్నాం. నాకు మెరూన్ అంచు పసుపుపచ్చ చీర పెట్టారు. మా ఆయనకు ఎప్పుడూ ప్యాంటు బట్ట పెట్టేవాళ్లు, ఈసారి తెల్లటి పంచె పెట్టారు.

"పంచెనా?" అన్నాడు బిత్తరపోయి.

"పెద్దమనిషివి గదన్నా, పంచెల మస్తుగుంటవ్" అంది సుమలత. "కొత్త బట్టలతోనే ఇల్లు జేరాలె. నడుమ ఇప్పితె మంచిది గాదు."

తిరిగి బయల్దేరేటప్పుడు తెలిసింది, గంజి పెట్టిన పంచెలో కాలెత్తి బండెక్కడం ఎంత కష్టమో. ఒకసారి ఎత్తాడు. ముడి జారింది. పట్టుకున్నాడు. ఇంకోసారి ఎత్తాడు. మళ్లీ జారింది. మా తమ్ముడికి జాలేసింది. "బావా, తాళం ఇయ్యి. నేను నడుపుత. నువ్వు ఎనక పక్కకు కూసో."

మా ఆయన రెండు కాళ్లూ ఒకవైపు వేసి, సరిగ్గా నా సీట్లో, నేను కూర్చున్నట్టే కూర్చున్నాడు. నేను ఒడిబియ్యం మూటతో, సుమలతతో ఆటో ఎక్కి వాళ్ల వెనకే బయల్దేరాను.

హైవే ఎక్కగానే లక్ష్మణ్ బండిని ఉరికించాడు. తెల్ల పంచె మీద ఒక చుక్క. పక్కనే ఇంకోటి. మా ఆయన కిందికి చూశాడు. కాళ్లు ఎత్తాడు. పంచె మడిచాడు. చుక్కలు మడతల మీద పడ్డాయి. పైన విమానం ఒకటి చక్కటి మెయింటెనెన్స్‌తో దిగుతోంది; ఆయన తలెత్తి చూడలేదు.

సిగ్నల్ దగ్గర మా ఆటో బండి పక్కనే ఆగింది. నేను తల బయట పెట్టి, ప్రేమగా చెప్పాను.

"కాళ్లు జర దూరం పెట్టి కూసో!"

ఇంటి దగ్గర అత్తమ్మ కళ్లద్దాలు సర్దుకుని చూసింది. "ఏందిరా, పంచెకు దిష్టిసుక్కలు పెట్టించుకొచ్చినవ్?"

ఆ సాయంత్రం టీ కూడా తాగకుండా మా ఆయన అటక ఎక్కాడు. రేకు మూత దించాడు, శారీ గార్డ్ దించాడు, దుమ్ము దులిపి రెండూ బిగించాడు. ఇన్నేళ్లుగా ఇన్ని చీరలు మొరపెట్టుకుంటే వినిపించని మాట ఒక్క పంచె చెబితే ఎంత స్పష్టంగా వినిపించిందో!

నా పసుపుపచ్చ చీర బీరువాలో చుక్క లేకుండా ఉంది. పంచె మాత్రం ఇప్పుడు చైను దగ్గర డ్యూటీ చేస్తోంది. ఎట్లయినా ఖరాబైంది గదా.

కాబట్టి సోదరీమణులారా, బండి కొన్నప్పుడే తోడుగా ఒక తెల్ల పంచె కూడా కొనిపెట్టుకోండి. ఈసారి ప్యాంటు బట్ట వద్దు, పంచె పెట్టమని సుమలతకు ముందురోజు ఫోన్ చేసింది ఎవరో మాత్రం నన్ను అడగకండి.

మా గేటు ఇంకా అరుస్తూనే ఉంది. దాని కోసం ఎవరికి ఏ బట్టలు పెట్టించాలో ఆలోచిస్తున్నాను.