చదువుబల్ల విమోచన పర్వము

వినుడు! రోహిణికార్తె ఎండకు రోళ్లు పగులు వేళ, హనుమాన్ జంక్షన్ దిక్కుగా పోవు లారీలన్నియు మామిడిపరిమళమును మోసికొని పరుగిడు వేళ, నూజివీటి సీమయందు, ముసునూరు చేరువనున్న ఒకానొక పల్లెయందు, శాఖాగ్రంథాలయమున జరిగిన ఘోరసంగ్రామమును చెప్పెద. మధ్యలో సెల్‌ఫోను చూచుకొనువారికి కథ తిరిగి చెప్పబడదు.

ఆ సంగ్రామమునకు నాయిక లేయా. పంతొమ్మిది వత్సరములుగా ఆ గ్రంథాలయమునకు ఏకైక పాలకురాలు, తేదీముద్రాధారిణి, చెదపురుగుల పాలిటి మృత్యుదేవత, ఆదివారము చర్చిలో గొంతెత్తినచో మైకు అక్కరలేని మహాకంఠ. అంతియేకాదు, ఢిల్లీనగరమందలి అఖిలభారత గ్రంథపాలక మహామండలికి ఆ మండలమంతటను ఆమె ఒక్కతెయే సభ్యురాలు. దానివలన నీకేమి ఒరిగెనని ఊరివారు అడిగినపుడెల్ల, "అవసరానికి తెలుస్తుందండి," అని నవ్వెడిది. అవసరము పంతొమ్మిదేండ్లు రాలేదు. ఈ యేడు వచ్చెను.

ప్రతివీరుడు బసవపున్నారావు: నలువది యెకరముల మామిడితోటకు అధిపతి, గ్రంథాలయమున్న గదికి సొంతదారు, దానిని ఉచితముగా ఇచ్చిన దాత. మే మొదటివారపు గాలివానకు అతని రేకులషెడ్డు ఎగిరిపోగా, "రెండంటే రెండ్రోజులమ్మా లేయా," అని పలికి, చిన్నరసాల మామిడికాయలను గడ్డిలో పరచి చదువుబల్లపై మాగబెట్టెను. రెండు దినములు మూడువారములు దాటెను. ఒక విడత పండి పోవునంతలో మరియొక విడత దిగెడిది. బల్ల నిండి కుర్చీలకు, కుర్చీలు నిండి బీరువాలకు ఆ పీతవర్ణసేన ప్రాకెను. పాఠకులు గుమ్మమున నిలిచి, లోపలి ఉక్కకు హడలి, వెనుదిరిగి పోయిరి.

పోతే పోనిమ్మందురా? అక్కడే వచ్చినది తంటా. మే నెలలో ఒక్కరైనను కూర్చుండి చదివి హాజరుపట్టీలో సంతకము చేయనిచో శాఖను మూసి నూజివీడులో కలిపివేయుదుమని పైనుండి కాగితము వచ్చియుండెను. గడువు ముప్పదియొకటవ తేదీ, శనివారము, సాయంకాలము ఏడు గంటలు. పట్టీ మల్లెపూవువలె తెల్లగానుండెను. చదువనివారిచేత సంతకము పెట్టించుట లేయా కలలోనైనను తలపెట్టదు.

బుధవారమునాడు ఆమె అతనిని వేడుకొనెను. "ఏవండీ, బల్లొక్కటైనా ఖాళీ చేయించండి. ఒక్క మనిషి కూర్చుంటే చాలండి."

"పుస్తకాలెక్కడికి పోతాయమ్మా? కాయైతే కుళ్ళిపోద్ది," అని అతడు మోటారుసైకిలెక్కి పోయెను.

ఆ మాటకు లేయా గుండె భగ్గుమనెను. తక్షణమే మహామండలికి ఈమెయిలు సంధించెను. దేశములోని గ్రంథపాలకులందరు కదలివత్తురని, ఎంత లేదన్నను ఒక జీపైనను దుమ్ము లేపుకొని వచ్చునని ఆశపడెను. గురువారము వచ్చినది నాలుగుపేజీల జాబు. మహామండలి ఎవరితోను కలహింపదట. వృత్తిప్రమాణములు నిర్ణయించుట, శిక్షణ ఇచ్చుట, సలహా చెప్పుట మాత్రమే దాని ధర్మమట. ఇక సలహా యేమనగా, గ్రంథాలయమున నిలువయున్న వస్తువేదైనను, అది పుస్తకము కాకపోయినను, వర్గీకరించి, నమోదుచేసి, సభ్యులందరికిని సమానముగా అరువీయవలెను.

"ఇన్నేళ్ళకి ఒక్కటంటే ఒక్కటి అడిగితే ఇదా!" అని లేయా కండ్లనీరు పెట్టుకొనెను. ముక్కు చీది మరల చదివెను. మూడవమారు చదువునప్పటికి ఏడుపు ఎటుపోయెనో, ఆమె ఫక్కున నవ్వెను.

శుక్రవారము సెలవు. ఆ సెలవునాడు తలుపులు బిగించి, కొంగు నడుమున దోపి, కుడికేల రబ్బరుముద్రయు, ఎడమకేల ఊదాసిరాపెట్టెయు దాల్చి, దశాంశవర్గీకరణ పట్టికను తిరుగవేసి, మామిడికి ఆరువందల ముప్పదినాలుగు పాయింటు నాలుగు నాలుగు అను సంఖ్యాస్త్రమును కనుగొని, ఆ వీరవనిత రసాలసేనపై విరుచుకుపడెను. టప్! టప్! టప్! పుస్తకమునకైతే ముద్రవేయుటకు రహస్యపుట యొకటుండును. కాయకు రహస్యపుట ఎక్కడిది? అర్ధగంట మథనపడి, తొడిమ ప్రక్కన అని తీర్మానించెను. పొద్దువాలునప్పటికి నాలుగువందల పన్నెండు కాయలు, వరుసనంబరుతో సహా, గ్రంథాలయసామగ్రి ఆయెను.

శనివారము ఎనిమిదింటికి తలుపు తెరచి పలకమీద వ్రాసెను: సభ్యులకు రసాలు అరువీయబడును, గడువు పదునైదు దినములు. మొదట వచ్చినది ఎవరనుకొంటిరి? తులసమ్మ, సాక్షాత్తు బసవపున్నారావుగారి ధర్మపత్ని!

"ఏంటమ్మాయ్, నిజంగానే ఇస్తున్నావా? మా ఆయన మంచికాయ ఒక్కటి ఇంట్లోకి రానివ్వడు. అన్నీ మార్కెట్టుకే."

"సభ్యత్వం రాసుకుంటే ఆరిస్తానండి. టైముకి తిరిగివ్వకపోతే ఫైను."

"తిన్నాక ఏం తిరిగిస్తానే?"

"టెంకలండి."

అంతే! క్షణములో వార్త వీధులు చుట్టి వచ్చెను. పంతొమ్మిదేండ్లుగా గుమ్మము తొక్కనివారు సంచులతో వరుసకట్టిరి. పదిన్నరకు మూడువందల కాయలు రణరంగమును వీడెను. అప్పుడు వచ్చెను బసవపున్నారావు, ముఖము కందగడ్డ చేసికొని.

"నా కాయలు ఊళ్ళోవాళ్ళకి పంచుతావా? ఎవరిచ్చారు నీకు హక్కు?"

'ఓయీ ఆమ్రవనాధీశ్వరా! చతుర్దిక్కుల విద్యాదీపములు కొడిగట్టుచుండ నీవు చదువుబల్లపై గడ్డి పరతువా? నా ముద్రాఘాతమునకు నిలువుము!' అని గర్జింపవలెనని లేయా నాలుక ఉవ్విళ్ళూరెను. నోటివెంట వచ్చినది మాత్రము ఇది: "పంచట్లేదండి. అరువిస్తున్నానంతే. గదిలో ఏదున్నా ఇవ్వాలని ఢిల్లీ నుంచి రాశారు."

అతడు జాబును చేతబట్టెను. నాలుగు పేజీలు; ప్రతి పేజీకిని ఇంగ్లీషు; ప్రతి ఇంగ్లీషునకును క్రింద మహామండలి చిహ్నము. "ఢిల్లీ దాకా పోయిందా విషయం!" అని గొణిగి, ఒక కాయనెత్తి చూచెను. తొడిమ ప్రక్కన ఊదారంగు ముద్ర! బొటనవ్రేలితో రుద్ది చూచెను, చెరగలేదు.

"ముద్రపడ్డ కాయని ఎవడు కొంటాడమ్మా! రేపొచ్చే విడతక్కూడా వేస్తావా?"

"గదిలోకొస్తే తప్పదండి. రూలు."

ఆ ఒక్క మాటతో కోట కూలెను. ట్రాక్టరు వచ్చెను, మిగిలిన కాయలు ఎక్కెను, గడ్డి పోయెను. లేయా బల్లను తడిగుడ్డతో మూడుమార్లు తుడిచి, ఒక కుర్చీని దగ్గరకు లాగి, పట్టీని తెరచియుంచి, నాలుగు గంటలనుండి గుమ్మమువైపు చూచుచు కూర్చుండెను.

ఎవరు వత్తురు? ఊరంతయు కడుపునిండ రసాలు జుర్రి గుర్రుపెట్టుచుండెను. అయిదాయెను. ఆరాయెను. గెలిచిన యుద్ధము చేతిలోనుండి జారిపోవుచుండెను. "ఒక్కరు చాలు ప్రభువా, ఒక్కరు," అని ఆమె గడియారమునకు వీపుత్రిప్పి ప్రార్థించెను.

ఏడుకు పది నిమిషములు తక్కువ. తులసమ్మ! చేత గిన్నె, గిన్నెలో కడిగి తుడిచిన ఆరు టెంకలు.

"ఫైనన్నావని పరిగెత్తుకొచ్చా. లెక్కచూసుకో. ఇంకేం ఇస్తావు?"

"కాయలైపోయాయండి పిన్నిగారూ." లేయా బీరువావైపు చేయి చూపెను. "పుస్తకాలే ఉన్నాయి."

"అయితే పుస్తకమే ఇవ్వు. సభ్యత్వం ఊరికే పోతుందా?"

లేయా ఊరగాయల పుస్తకమును అందించెను. తులసమ్మ కుర్చీలో చతికిలబడి, వ్రేలు పెట్టి అక్షరమక్షరము కూడబలుకుకొనుచు ఒక పేజీ చదివెను. చదివి బల్ల గుద్దెను.

"ఆవకాయకి ఇంతేనా ఆవపిండి? ఎవడే ఈ రాసినవాడు? వీడింట్లో ఆడవాళ్ళు లేరూ?"

"సంతకం, పిన్నిగారూ, ఇక్కడ సంతకం!"

సంతకము పడెను. గడియారము ఆరు యాబదియెనిమిది. ఏడు కొట్టగానే తాళమువేయుట పంతొమ్మిదేండ్ల నియమము, ఏడు కొట్టినది, లేయా తాళపుచెవి ముట్టలేదు.

"లైటెయ్యమ్మాయ్," అనెను తులసమ్మ పేజీ త్రిప్పుచు. "ఈ వెధవ మాగాయకేం రాశాడో చూడాలి."

భేరీలు మ్రోగుగాక! లేయా కన్నులు తుడుచుకొని, కలము విదిలించి, నెలవారీ నివేదికలో ఆ మహావిజయమును తన గుండ్రని అక్షరములతో శాశ్వతమొనర్చెను: మే నెల, పాఠకుల సంఖ్య, ఒకటి.