రాజుగారి పక్క ప్లాటు

పెద్ద రాజుగారు తమ పిరమిడ్ పక్కనే ఒక సమాధి ప్లాటును చెప్పుల శాఖాధికారి పెర్నెబ్‌గారికి శాశ్వతంగా ప్రసాదించారని రాజధాని వీధివీధినా చాటింపు వేశారు. రాజపాదరక్షలను జీవితమంతా ఎడమ కుడి తారుమారు కానివ్వకుండా మోసిన మహానుభావుడికి అది తక్కువే.

పక్క ప్లాటంటే మాటలు కాదు. రాజు పరలోకం చేరాక కూడా పూజారులు రోజూ రొట్టె, బీరు, బాతుమాంసం నివేదిస్తారు. ఆయన ఆరగించాక మిగిలింది పక్క సమాధులకు పంచుతారు. దూరంగా పడుకున్నవాడికి యుగయుగాలూ పస్తే. పెర్నెబ్‌గారికి ఒక్క పూట పస్తు కూడా అలవాటు లేదు.

"మా ఊళ్లో మా అమ్మ పక్కన చోటుంది కదండీ. పిల్లలు రొట్టె తెచ్చి పెడతారు" అంది భార్య హెనుత్.

"పిల్లల్ని నమ్ముకుంటావటే పిచ్చిదానా? ప్రభుత్వాన్ని నమ్ముకో."

సమాధి లేచింది. గోడమీద 'పెద్ద రాజుగారికి ప్రాణసమానుడు' అని చెక్కారు. ఆ మరుసటి ఏడే రాజుగారు పోయారు. పెర్నెబ్‌గారు అందరికంటే ఎక్కువ దుమ్ము నెత్తిన పోసుకుని ఏడ్చారు. దుమ్ము దులుపుకునేలోగా కొత్త రాజు తన పిరమిడ్ ఇక్కడ కాదు, ఉత్తరాన కొండమీద అని, పూజారులూ నైవేద్యాలూ ఇక అక్కడికేనని ప్రకటించాడు.

"ఆ కొండ గాలి ఎంత మంచిదో నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను" అన్నారు పెర్నెబ్‌గారు. ఇంతకుముందు అన్నట్టు ఎవరికీ గుర్తులేదు. అది వినేవాళ్ల లోపం.

మేస్త్రీ ఖెను సమాధి రాళ్లు విప్పి పడవకెక్కించాడు.

"అయ్యా, పాత రాజుగారి పేరున్న రాయో?"

"తిరగేసి పెట్టు. వెనకవైపు నున్నగానే ఉందిగా. 'ప్రాణసమానుడు' అని చెక్కి, రాజు పేరుకు చోటు వదిలెయ్."

"ఖాళీగానా?"

"మనిషన్నాక ముందుచూపుండాలోయ్."

"మీ నాన్నగారిని కూడా తవ్వమంటారా? ఆయనా ఇక్కడే ఉన్నారు."

"ఆయన్ని కదపకు. కరుడుగట్టిన పెద్ద రాజు మనిషి. ఇప్పుడు మారమంటే మారతాడా?"

కొండమీద ఆఖరి రాయి పేర్చుతుండగా కొత్త రాజు కూడా పోయాడని కబురొచ్చింది. పెర్నెబ్‌గారు గుండె పట్టుకుని కూలబడ్డారు. "తర్వాతి పిరమిడ్... ఎక్కడంటా?" అన్నవే ఆయన చివరి మాటలు. ప్రాణం పోతున్నా రాజ్యం గురించే ఆలోచించిన మనిషి.

కళేబరాన్ని ఉప్పులో ఆరబెట్టి, నారబట్ట చుట్టి, పెట్టెలో పెట్టి, మళ్లీ విప్పిన సమాధి రాళ్లతో పాటు పడవెక్కించారు. అప్పటికీ కొత్త కొండ ఎక్కడో తేలలేదు. సింహాసనం కోసం పోయిన రాజు కొడుకులిద్దరూ ఇంకా కొట్టుకుంటున్నారు. ఒకడు ఉత్తరమంటాడట, ఒకడు దక్షిణమంటాడట.

నది మధ్యకొచ్చాక పడవవాడు తెడ్డు ఆపాడు. "అమ్మా, ఎటు తిప్పమంటారు?"

హెనుత్ చుట్టూ చూసింది. నది నిండా అధికారుల పడవలే. అన్నిట్లోనూ విప్పిన సమాధి రాళ్లు. ఒక్కటీ ఎటూ తిరగడం లేదు.

"లంగరు వెయ్యి నాయనా" అంది.

మధ్యాహ్నమైంది. హెనుత్ మూట విప్పి రొట్టె, ఉల్లిపాయలు తీసి, పడవవాడికి పెట్టి తనూ కొరికింది. పడవవాడు పెట్టెకేసి మొహమాటంగా చూశాడు.

"అయ్యగారికో ముక్క పెట్టరా అమ్మా?"

"ముందు రాజెవరో తేలనీ" అంది హెనుత్ నములుతూ. "ఆయన పోవాలి, తినాలి, మిగల్చాలి. అప్పుడు కదా ఈయనకి."