మంత్రిగారి పేరు పెట్టుకున్న బల్లి

సాయంత్రం సభకని నేను బాబాయి తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తుండగా మంత్రిగారు టీవీలో ప్రకటించారు. కోట్ల ఏళ్ళ కిందట సముద్రంలో వేటాడి బతికిన, ఇంతవరకూ ఎవరూ చూడని రాకాసి బల్లి ఎముకలు తమ పాలనలోనే బయటపడ్డాయట. ప్రజల కోరిక కాదనలేక దానికి తమ పేరే పెడుతున్నారట. బల్లి అన్నాళ్ళూ ఓపిక పట్టి, సరైన ప్రభుత్వం వచ్చాకే బయటికి రావడం నన్ను కదిలించింది.

ఆ ఎముకల మీది రాయి గీకి శుభ్రం చేసిందీ, రిపోర్టు రాసిందీ మా అక్క. మ్యూజియంలో టెంపరరీ ఉద్యోగం. బాబాయి మంత్రిగారి ముఖ్య అనుచరుడు. ప్రతి ఎన్నికల్లోనూ “వచ్చేసారి టికెట్టు నీదే” అని మాట పుచ్చుకున్న అదృష్టవంతుడు.

బాబాయి రిపోర్టు చదివి కళ్ళజోడు తీసి, ఎదురుగా కూర్చున్న అక్కవైపు చూశాడు.

“మెదడు వేరుశనగ గింజంతేనా?”

“కొంచెం పెద్దదే బాబాయ్.”

“మేధావి అని రాయి. వేటాడేది అన్నమాట తీసేసి శాకాహారి అని పెట్టు.”

“మరి ఇన్ని పళ్ళెందుకంటారు?”

“నవ్వడానికి. పొట్టలో ఈ ఎముకలేంటి?”

“దాని జాతివే, చిన్నవి. గుంపుగా వెంట తిరుగుతూ, అది వదిలేసిన తునకలు తినేవి. ఆకలేస్తే అది దూరం పోయేది కాదు.”

“అపోజిషన్‌వాళ్ళు పోస్టర్లు వేస్తారే తల్లీ. మార్చు, నీ ఉద్యోగం పర్మనెంటు. మార్చకపోతే రేపట్నుంచి ఇంట్లో కూర్చుంటావు, నేనేం చెయ్యలేను.”

“ఉన్నదే రాశాను. మార్చను.”

అక్కకి భయం చెబుదామని బాబాయి మంత్రిగారికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, రిపోర్టంతా చదివి వినిపించాడు. మంత్రిగారు అంతా విని అడిగారు.

“ఎన్నేళ్ళుందట ఆ జాతి?”

అక్క ఫోనువైపు వంగింది. “యాభై లక్షల ఏళ్ళండీ. అన్నాళ్ళూ సముద్రంలో దానికి ఎదురు లేదు.”

“ఒక్క అక్షరం మార్చొద్దు. ఆ అమ్మాయిని పర్మనెంటు చేయించు.” ఆనందంతో ఆయన గొంతు వణికింది. “ఇదిగో, పొట్టలో ఉన్నదానికి నీ పేరు పెట్టిస్తానోయ్. ఇన్నేళ్ళ సేవకి ఆమాత్రం గుర్తింపు ఉండాలి. టికెట్టు సంగతి వచ్చేసారి చూద్దాం.”

మంత్రిగారు ఫోన్ పెట్టేశారు. నేను తెల్లచొక్కా అందించాను. కాలరు ఇంకా వెచ్చగానే ఉంది.

బాబాయి దానివైపు చూశాడు. ఒంటిమీది పాత చొక్కాతోనే చెప్పులేసుకుని, గడప దాటి వెళ్ళిపోయాడు.