ఒంటిచేతి కారు

తన కారు కింద నుంచి ఎవరివో రెండు కాళ్లు బయటికి చాచుకుని ఉండటం చూసి డ్రాయింగు మాస్టారు గుమ్మంలోనే ఆగిపోయారు. కాళ్లకి బూడిదరంగు బూట్లున్నాయి. డ్రైవరు సీట్లో ఇంకో పెద్దమనిషి కూర్చుని వరసగా లైట్లు, వైపర్లు, హారను పరీక్షిస్తున్నాడు. హారను మోగింది. ఆయన తృప్తిగా తలాడించాడు. బోనెట్టు నోరు తెరుచుకుని ఉంది. ప్రహరీ గోడ మీద పరిచిన పాత పేపర్లో నాలుగు ప్లగ్గులు పీకిన పళ్లలా వరసగా పడున్నాయి.

గడ్డం గీసుకుంటూ హారను విని పరిగెత్తుకొచ్చిన మాస్టారి ముఖానికి ఎడమవైపు ఇంకా నురగ ఉంది. భుజం మీద తువ్వాలు జారి ఎడమచేతిని, ఆ చేతిలోని చిన్న అద్దాన్ని పూర్తిగా కప్పేసింది. గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది.

"ఎవరండీ మీరు?" అని అడిగారు మాస్టారు.

"కొనేవాళ్లం. ఫర్నిచరు షాపు నాది. కింద ఉన్నది మా మెకానిక్కు," అన్నాడు పెద్దమనిషి. "మీరు చెప్పినంత బాగానే ఉందండీ బండి."

తాను ఎవరికీ ఏమీ చెప్పలేదని మాస్టారు అనబోయేలోపు, గేటు దగ్గర ఫోను చూసుకుంటున్న బావమరిది చెయ్యెత్తి, చెప్పింది తానేనని సైగ చేశాడు.

నిజానికి ఆ రోజు పథకం చాలా చిన్నది. గడ్డం గీసుకోవాలి, కాఫీ తాగాలి, పదింటికి కారు తీయాలి, పన్నెండులోపు ఆసుపత్రి నుంచి అత్తగారిని ఇంటికి తీసుకురావాలి. ఆవిడకి మోకాలి ఆపరేషనై వారం అయింది. పది రోజుల వరకూ కాలు మడవకూడదని డాక్టరు ఒకటికి మూడుసార్లు చెప్పాడు. మాస్టారి పాత ఆకుపచ్చ కారు ముందు సీటు వెనక్కి జరిపితే మనిషి మంచం మీద పడుకున్నట్టు కాళ్లు చాపుకోవచ్చు. ఇప్పటి కార్లలో ఆ సదుపాయం లేదు. బావమరిది కొత్త కారులో అయితే మోకాళ్లు గడ్డానికి ఆనాల్సిందే. ఇక అంబులెన్సు సంగతి ఎత్తితే, తాను ఇంకా బతికే ఉన్నానని ఆవిడ గుర్తు చేసింది.

మాస్టారికి ఇందులో ఇంకో పట్టుదల ఉంది. బొమ్మలు నేర్పేవాడికి పిల్లనిస్తారా అని ఇంటిల్లిపాదీ మూతి ముడిచిన రోజున, "బొమ్మలు గీసేవాడికి ఓపిక ఉంటుంది. మన పిల్లకి కావలసింది అదే," అని ఒక్క మాటతో పెళ్లి ఖాయం చేసిన మనిషి ఆవిడ. ఇరవై ఏళ్లుగా ఆ మాటకి ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియక, మాస్టారు ఆవిడని ఎక్కడికి కావాలంటే అక్కడికి కారులో తిప్పుతూ వచ్చారు.

"అమ్మే తీసేయమంది బావా," అన్నాడు బావమరిది. "నిన్న సాయంత్రం అక్క ఫోన్ చేసి చెప్పింది. అమ్మ మాట మీరెలాగూ కాదనరు కదా అని మిమ్మల్ని అడక్కుండానే పని మొదలెట్టా."

మాస్టారు కారు ముందు సీటు వైపు చూశారు. ఆవిడకి తన కారు అక్కర్లేకపోయిందా? మరి ఇంటికెలా వస్తుందట అని అడిగారు. ఏదో ఆలోచించే ఉంటుందని, అమ్మ ఆలోచించకుండా ఏదీ చేయదని బావమరిది ధైర్యం చెప్పాడు. మాస్టారు భార్యకి ఫోను చేశారు. ఆసుపత్రిలో ఆమె ఉన్న అంతస్తుకి సిగ్నలు అందదు. ఇంకోసారి చేశారు. అందలేదు.

బావమరిదిని ఇంట్లో సలహాలపుట్ట అంటారు. 'వాహన మిత్రులు' అని ఫోనులో నాలుగు వందల మంది ఉన్న బృందంలో ఎవరు ఏ కారు కొనాలన్నా ఇతని గడప తొక్కాల్సిందే. మైలేజి అడిగేవాడు కారు కొనడు, కొనేవాడు మైలేజి అడగడు అన్నది అతని సూత్రం. తన సలహాలు తానే విని ఆరేళ్లలో నాలుగు కార్లు మార్చాడు. అక్క ఫోను పెట్టేసిన ఐదో నిమిషంలో మాస్టారి కారు ఫొటో బృందంలో పెట్టేశాడు.

ఒకే యజమాని వాడిన బండిని అమ్మకందార్లు సింగిల్ హ్యాండ్ అంటారు. ఆ ముక్క చెబితే పాత కారుకి గౌరవం పెరుగుతుంది. కానీ బృందం పెద్ద అప్పటికి సరిగ్గా మూడు రోజుల ముందే, ఇకపై ఇంగ్లీషు మాట రాసినవాళ్లని బయటికి పంపుతానని హుకుం జారీ చేశాడు. అందుకని బావమరిది ఆలోచించి చక్కని తెలుగులో ఇలా రాశాడు: 'డ్రాయింగు మాస్టారి కారు. మొదట్నుంచీ ఒంటిచేత్తో నడిచింది. ఇక వాడటం కుదరక మాస్టారు అమ్మేస్తున్నారు.'

వ్యాపారం తెలిసిన ఫర్నిచరు షాపాయనకి అర్థం కావలసింది అర్థమైంది. మిగతా మూడు వందల తొంభై తొమ్మిది మందికి ఇంకోటి అర్థమైంది.

మొదట వచ్చింది టైర్ల షాపు యజమాని. ఆరడుగుల మనిషి. పాతికేళ్ల కిందట మాస్టారి దగ్గర మూడో బెంచీలో కూర్చున్నాడు. గేటు తీసుకుని వచ్చి, తువ్వాలు కప్పిన వైపు ఒకసారి చూసి, సగం గీసిన గడ్డం వైపు ఒకసారి చూసి, మాస్టారి కుడిచేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. కళ్లు తడిగా ఉన్నాయి.

"ఒక్క మాటైనా చెప్పలేదేంటి మాస్టారూ?"

"నాకే ఇప్పుడు తెలిసింది," అన్నారు మాస్టారు, కారు వైపు చూస్తూ.

"మీకే ఇప్పుడు తెలియడమేంటండీ? బాధగా లేదా?"

"ఉండదా మరి? ఇన్నేళ్లు వాడుకున్నాను. ఉన్నట్టుండి తీసేయాలంటే ఉంటుంది."

టైర్ల షాపాయన పెదవి కొరుక్కున్నాడు. "కొత్తది పెట్టించుకుందాం మాస్టారూ. ఇప్పుడు ప్లాస్టిక్‌వి మంచివి వస్తున్నాయట."

"ఆ ప్లాస్టిక్ సరుకు నాకు నచ్చదోయ్. పాతది గట్టి ఇనుము. నాలుగుచోట్ల గుద్దినా సొట్ట పడలేదు."

ఆ మాటకి ఆరడుగుల మనిషి గోడ పట్టుకుని నిలబడ్డాడు. దెబ్బ చేతికే కాక బుద్ధికి కూడా తగిలిందని అతనికి నమ్మకం కుదిరింది. ఇదంతా డ్రైవరు సీట్లోంచి వింటున్న ఫర్నిచరు షాపాయన మెల్లగా కిందికి దిగాడు.

"చెయ్యి పోయిందా?" అని టైర్ల షాపాయన్ని అడిగాడు. "ఈ బండిలోనేనా? మరి యాక్సిడెంటు బండి అని ముందే చెప్పాలి కదండీ."

బావమరిది అడ్డం పడి వివరించబోయాడు. ఒంటిచెయ్యి అంటే చెయ్యి కాదని, యజమాని అని, యజమాని ఒక్కడే గానీ చేతులు రెండని అతను చెప్పిన కొద్దీ విషయం ఇంకా చిక్కబడింది. కారు కింది బూట్లు లోపలికి ముడుచుకుని, కాసేపటికి అవతలి వైపు నుంచి మెకానిక్కుగా బయటికొచ్చాయి. రక్తం చూసిన బండిని తమ షాపు గుమ్మం ఎక్కించేది లేదని చెప్పి ఇద్దరూ వెళ్లిపోయారు. ప్లగ్గులు పేపరు మీదే ఉండిపోయాయి. పది దాటి పావుగంట అయింది.

ఆ తర్వాత గేటు మూయాల్సిన అవసరం రాలేదు. పాత శిష్యులు ఒకరి వెనక ఒకరు వస్తూనే ఉన్నారు. బావమరిది ఫోను ఆగకుండా మోగుతోంది. బృందంలో అరవై మూడు సంతాపాలు, నలభై సలహాలు వచ్చాయి. ఒంటిచేతి వారికి గేర్లు లేని కారే మేలని ఒకరు, స్టీరింగుకి గుండ్రటి పిడి బిగించుకుంటే సరిపోతుందని ఇంకొకరు, పోయింది కుడా ఎడమా తెలిస్తే గానీ సలహా చెప్పలేమని మరొకరు రాశారు. జన్మలో మొదటిసారి బావమరిది ఎవరికీ తిరిగి సలహా ఇవ్వలేదు.

పళ్ల డాక్టరమ్మ రోగిని కుర్చీలోనే కూర్చోబెట్టి, మెడలో మాస్కుతో వచ్చేసింది. ఆమె ఏడవలేదు.

"తువ్వాలు తీయండి సార్," అంది.

మాస్టారు తీశారు. కింద ఎడమచెయ్యి అయిదు వేళ్లతో సహా ఉంది. ఆ వేళ్ల మధ్య అద్దం ఉంది. అద్దంలో డాక్టరమ్మ ముఖం ఉంది.

బావమరిది తలవంచుకుని తెలుగు వాక్యాన్ని మొదట్నుంచీ విడమరిచి చెప్పాడు. నవ్వి ఎవరి దారిన వాళ్లు పోతారనుకున్నారు మాస్టారు. ఎవరూ కదల్లేదు. అప్పుడాయన సిగ్గుపడుతూ అసలు కష్టం చెప్పారు. పన్నెండింటికి ఆసుపత్రి వాళ్లు మంచం ఖాళీ చేయిస్తారు. అత్తగారి కాలు మడవకూడదు. కారు చూస్తే ముక్కలై ఉంది. ఆవిడకి ఈ కారు అక్కర్లేదంటున్నారు గానీ, కనీసం ఈ ఒక్కసారి, కాలు నొప్పి లేకుండా ఇంటికి చేర్చాలని తనకి ఉంది.

టైర్ల షాపాయన చొక్కా చేతులు పైకి మడిచాడు. డాక్టరమ్మ సంచీలోంచి సన్నటి బ్రష్షు తీసి, గోడ మీద కూర్చుని, ఒక్కొక్క ప్లగ్గునీ వెలుతురుకి ఎత్తి చూస్తూ మసి వదిలించింది. నాలుగోదాన్ని చాలాసేపు తిప్పి చూసింది. "కొంచెం పుచ్చింది. పీకక్కర్లేదు, ఇంకో ఏడాది లాగుతుంది," అని తీర్పు చెప్పింది.

పని చేస్తూనే వాళ్లు మాట్లాడారు. తాను చక్రం గీస్తే కోడిగుడ్డు వచ్చేదని, గుండ్రమంటే ఎటు తిప్పినా ఒకేలా ఉండాలని మాస్టారు నెల్లాళ్లు అదే గీయించారని, ఇప్పుడు షాపులో చక్రం వంకర మిషను కంటే ముందు తన కంటికే తెలుస్తుందని టైర్ల షాపాయన చెప్పాడు. తెలుపు అనే రంగులో పద్దెనిమిది తెలుపులు ఉంటాయని మీ క్లాసులోనే తెలుసుకున్నాను, కట్టుడు పన్ను పక్కపన్నుతో కలవడమంటే అదే కదా సార్ అని డాక్టరమ్మ అంది. మాస్టారు అద్దం వంక చూస్తూ మిగతా గడ్డం గీసుకున్నారు. డ్రాయింగు పీరియడంటే బళ్లో లెక్కల మాస్టారు అడిగి పట్టుకుపోయే పీరియడు. అందులో ఎవరికైనా ఏమైనా మిగిలిందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. రెండుసార్లు గడ్డం తెగింది.

పదకొండూ ఇరవైకి బోనెట్టు మూశారు. సెల్ఫు తీసుకోలేదు. ఆరుగురు శిష్యులు వెనక చేరి వీధి చివరిదాకా తోశారు. ఎలా తోయాలో బావమరిది లోపల కూర్చుని చెప్పాడు. ఇంజను దగ్గి, తుమ్మి, అందుకుంది. మాస్టారు కిటికీలోంచి రెండు చేతులూ బయటపెట్టి అందరికీ దండం పెట్టారు. ఆ క్షణాన స్టీరింగు మీద ఆయన చెయ్యి ఒక్కటీ లేదు, పక్క సీట్లోంచి బావమరిది పట్టుకున్నాడు.

పన్నెండుకి పది నిమిషాల ముందు ఆసుపత్రి గుమ్మంలో చక్రాల కుర్చీలో అత్తగారు, పక్కనే సంచీలతో భార్య కనిపించారు. ముందు సీటు వెనక్కి జరిపారు. అత్తగారు కాలు చాపుకుని హాయిగా ఊపిరి వదిలింది.

"ఈ సీటు తలుచుకునే వారం రోజులు ఆ మంచం భరించాను," అంది.

మాస్టారు తాళం తిప్పబోయి ఆగిపోయారు. "మరి తీసేయమన్నారట కదా అత్తయ్యా?"

"ఏమిటి తీసేసేది?"

"కారు."

"నేను తీయమన్నాను నాయనా. పదింటికల్లా కారు బయటికి తీయమను అల్లుణ్ణి అని నీ పెళ్లాంతో చెప్పాను. తీసేయమని ఎందుకంటాను? నాకేం మతిపోయిందా?"

మాస్టారి గుండె మీది బరువు దిగిపోయింది. వెనక సీట్లో బావమరిది మీద అదే బరువు పడింది. మధ్యలో ఒక్క అక్షరం కోసం కారు కొంపకి నిప్పు పెట్టావు కదరా, చెవులు కడుక్కోరా అని తల్లి తలంటింది. చెయ్యి పోయిన కథ తెలిశాక రెండో విడత తలంటింది. అక్క సరిగ్గా అలాగే చెప్పిందని, తాను రెండుసార్లు అడిగి రాసుకున్నానని అతను మొత్తుకున్నాడు. ఎవరూ వినలేదు.

ఈలోగా మాస్టారు తాళం తిప్పారు. కారు ఒకసారి మూలిగి ఊరుకుంది. మళ్లీ తిప్పారు. మూలగను కూడా లేదు. అలవాటు ప్రకారం ఆయన తల వెనక్కి తిప్పి భార్య వైపు చూశారు. అలవాటు ప్రకారం ఆమె తలుపు తీసి, చెంగు బిగించి, కిందికి దిగింది. కానీ తోయడానికి వెనక్కి వెళ్లకుండా ఆయన కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది.

"తమ్ముణ్ణి తిట్టకండి," అంది. "తీసేయమన్నది నేనే."

కారులో ముగ్గురూ ఆమె వంక చూశారు.

"ఇవాళ కాదు, అమ్మ ఇంటికొచ్చి కాస్త నడిచాక. వీడు మెరుపులా తెల్లారేసరికే బేరం పెడతాడని నాకేం తెలుసు? నా మాటైతే మీరు నవ్వేసి ఊరుకుంటారు. అమ్మ మాట అంటే కాదనరు. అందుకే అమ్మ పేరు వాడుకున్నా."

"ఎందుకూ?" అన్నారు మాస్టారు.

"ఇరవై ఏళ్లుగా ముందు కూర్చుని మీరూ అమ్మా కబుర్లు చెప్పుకుంటారు. మీకు రోడ్డు కనిపిస్తుంది, ఆవిడకి ఊరు కనిపిస్తుంది. వెనక నుంచి నాకు కనిపించేది నంబరు ప్లేటు."

పొద్దుట్నుంచీ తాను దండం పెట్టినవాళ్లని మాస్టారు మనసులో ఒక్కొక్కర్నీ లెక్కపెట్టుకున్నారు. అందులో లేని మనిషి ఎదురుగా నిలబడి ఉంది. ఆయన తలుపు తీసి దిగారు.

"నీకు ఇన్నాళ్లూ కృతజ్ఞత చెప్పలేదు," అన్నారు. భార్య భుజం పట్టుకుని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, తాళాలు చేతిలో పెట్టి, బావమరిదిని కూడా దింపి, కారు వెనక్కి నడిచారు.

అరవై అడుగులు తోశాక, కారు తీసేయమన్నది ఎవరైనా మాట మాత్రం సబబైనదే అని ఆయనకి తోచింది.