వెయ్యి వాట్ల గౌరవం

రెండువేల ఎనిమిది నవంబరులో, సాయంత్రం ఆరున్నరకి, మండవల్లిలో ఒక పురుగు ఒక పెద్దమనిషి నోట్లోకి వెళ్ళింది. కొల్లేటి ప్రాంతపు వీడియో రంగంలో ఎల్ఈడీ యుగం ఆ శుభముహూర్తానే ఆరంభమైందని ఇందుమూలముగా తెలియజేయడమైనది.

పెద్దమనిషి పేరు నాగేశ్వరరావు గారు, మార్కెట్ యార్డు మాజీ ఛైర్మన్. చేపల చెరువుల ఆసామి జోగారావు గారు కట్టించిన మేత గోడౌనుకు రిబ్బను కత్తిరించి, "కొల్లేరు మన కన్నమాత" అని ఉపన్యాసం అందుకున్నారు. "మా" దగ్గర నోరు పూర్తిగా తెరిచారు. కొల్లేటి పురుగులకు చీకటి పడ్డాక తెలిసిన పని ఒకటే, వెలుతురు ఎక్కడుంటే అక్కడికి రావడం. ఆ పూట ఊళ్ళోకెల్లా పెద్ద వెలుతురు వీడియో వాళ్ళ హాలోజన్ లైటు, అక్షరాలా వెయ్యి వాట్లు. దాని ఎదురుగా ఆయన నోరు. మిగతాది ప్రకృతి చూసుకుంది. ఆయన మాట ఆగిపోయి కళ్ళనీళ్ళ పర్యంతమయ్యారు. కన్నమాతను తలచుకుని గొంతు పూడుకుపోయిందనుకుని జనం రెండు నిమిషాలు ఆగకుండా చప్పట్లు కొట్టారు.

ఆపైన విచారణ జరిగింది. తప్పు పురుగుది అందామంటే అది అందుబాటులో లేదు. నోటిది అనే ధైర్యం ఎవరికీ లేదు. ఇక మిగిలింది లైటు.

"ఎలీయాజరు గారూ, ఫిబ్రవరిలో నా షష్టిపూర్తండి," అన్నారు జోగారావు గారు వీడియోగ్రాఫర్‌ని పక్కకి పిలిచి. "వీడియో మీరే తీయాలి. కానీ ఆ పొయ్యి మాత్రం తేకండి. కెమెరా నెత్తిన పెట్టుకునే చిన్న లైట్లు వచ్చాయంట కదా, ఎల్ఈడీ అని. అది కొనుక్కురండి. లేదంటే తాడేపల్లిగూడెం నుంచి ఇంకెవరినైనా పిలుచుకుంటాను, ఏమీ అనుకోకండి."

ఏమీ అనుకోకండి అని మా వైపు వాళ్ళు అన్నారంటే అనుకోవలసింది చాలా ఉందని అర్థం. ఎలీయాజరు చాలానే అనుకున్నాడు. ఏలూరులో భార్య పేరు మీద రూబీ వీడియోస్ నడుపుతున్న అతనికి ఆ ఏడాది పనిలో సగం జోగారావు గారి బంధువర్గానిదే. అయితే అతన్ని బాధపెట్టిన సంగతి అది కాదు. లైటు కెమెరా నెత్తికెక్కితే, ఇన్నాళ్ళూ దాన్ని మోసిన మనిషి ఏం కావాలి?

ఆ మనిషి వీర్రాజు. వయసు యాభై రెండు. పద్దెనిమిదేళ్ళుగా పశ్చిమగోదావరిలో పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు, సమర్తలు, సంస్మరణ సభలు అన్నీ ఆయన కుడిచేతి మీదుగానే వెలిగాయి. ఆ చెయ్యి ఇప్పుడు తనంతట తానే పైకి లేస్తుంది. ఆయన రోడ్డు పక్కన ఊరికే నిలబడితే బస్సులు ఆగేవి. పెళ్ళివారు కెమెరామన్‌కి కుర్చీ చూపిస్తే వీర్రాజుకి కుర్చీ వేసి, దుమ్ము తుడిచి, "బాబ్బాబు, మా వదిన మీద కూడా కాస్త కొట్టండి" అని బతిమాలేవారు. ఎవరి మీద లైటు పడితే వాళ్ళు ఆ పూటకి దగ్గర బంధువులు. పడనివాళ్ళు భోజనానికి వచ్చినవాళ్ళు.

"ఎలాంటిది కొనాలో నేను చెబుతాను," అంది రూబీ. ఆమె హైస్కూల్లో సైన్సు టీచరు. "బరువు చూడాలి, బ్యాటరీ ఎంతసేపు వస్తుందో చూడాలి, మొహం రంగు మొహం రంగులాగే కనిపిస్తోందో లేదో చూడాలి. తగ్గించి పెంచుకునే వీలుండాలి. అంతే."

ఇంత సులువుగా చెప్పిన సలహాను ఎవరైనా పాటిస్తారా? ఎలీయాజరు తనకు తెలిసినవాళ్ళందరినీ అడిగాడు. పెళ్ళిళ్ళ పంతులు బల్బులు బేసి సంఖ్యలో ఉంటే మంచిదన్నాడు. సంఘ పెద్ద మత్తయి గారు వెలుగు కలుగును గాక అన్నంత మాత్రాన వెలుగు కలిగిందని, అప్పుడు బ్యాటరీ ప్రస్తావనే లేదని గుర్తు చేశారు. బ్యూటీ పార్లర్ లక్ష్మీదుర్గ గారు మాత్రం ఒకటే అడిగారు: "తెల్లగా చూపిస్తుందా? చూపిస్తే ఏదైనా మంచిదేనండి."

చివరికి తాడేపల్లిగూడెంలో భాస్కరరావు గారి కొట్టుకి కొత్త సరుకు దిగిందని తెలిసి ఎలీయాజరు బయలుదేరాడు. వీర్రాజుని రమ్మనలేదు. ఏలూరు స్టేషన్లో పాసింజరు ఎక్కి చూస్తే వీర్రాజు అప్పటికే కిటికీ పక్కన కూర్చుని, పక్క సీట్లో తువ్వాలు వేసి ఉంచాడు.

"లైటు కొంటానికి వెళ్తూ లైటు మనిషిని వదిలేసి వెళ్తే బాగుండదండి," అన్నాడు. ఎలీయాజరు తువ్వాలు తీసి ఆయన చేతికిచ్చి కూర్చున్నాడు. గూడెం దాకా ఇద్దరూ వరిచేలు చూశారు.

భాస్కరరావు గారు సరుకు చూపించే ముందు ఉపన్యాసం ఇచ్చారు. "లైటంటే వాట్లు కాదండి. వ్యక్తిత్వం. పాతకాలం మనిషి లైటు వెనకాల నిలబడేవాడు. నేటి మనిషి లైటునే నెత్తిన పెట్టుకుంటున్నాడు. ఇది ప్రగతి." తరవాత మూడు లైట్లు బల్ల మీద పెట్టారు. ఒకటి సబ్బుబిళ్ళంత, ముప్పైఆరు బల్బులు. ఒకటి చర్చి పాటల పుస్తకమంత, నూటఇరవైఆరు. మూడోది గుండ్రంగా, కెమెరా మూతి చుట్టూ తొడిగేది. అది తొడిగితే కెమెరా ఏదో విని బిత్తరపోయినట్టు కనిపిస్తుంది.

మూడింటినీ వరసగా గోడ మీద వేసి చూపించారు. గోడ మూడుసార్లూ చాలా బాగుంది.

"గోడకి షష్టిపూర్తి అయితే ఏదైనా పట్టుకుపోవచ్చండి," అన్నాడు వీర్రాజు. "మనుషుల మీద వేయండి."

మనుషులంటే అక్కడున్నది వీర్రాజే. సబ్బుబిళ్ళ లైటు ఆయన మొహం మీద వేసి ఎలీయాజరు కెమెరాలోంచి చూశాడు. మొహం నీలంగా తెల్లబడి, కళ్ళు తేలిపోయి, ఐసుపెట్టెలో సర్దిన బొచ్చె చేపలా ఉంది. భాస్కరరావు గారు తొంగిచూసి, "రోజూ ఇన్ని లారీల చేప ఇలాగే పోతోంది కలకత్తా, ఎవరూ కాదనలేదే," అన్నారు. గుండ్రటి లైటుకి రెండు కంటిపాపల్లోనూ రెండు సున్నాలు పడ్డాయి. దయ్యం పట్టిన సినిమాలకి తప్ప పనికిరాదు. పాటల పుస్తకమంత లైటుకి నారింజరంగు పలక తగిలిస్తే కామెర్లు వచ్చినట్టయింది.

అప్పుడు వీర్రాజు, "ఒకసారి ఇలా ఇవ్వండి," అని ఆ లైటు అందుకున్నాడు. నారింజ పలక తీసేశాడు. పక్కనున్న మీట నెమ్మదిగా వెనక్కి తిప్పి వెలుతురు సగానికి తగ్గించాడు. ముందుకి కాస్త వంచాడు. దాన్ని భాస్కరరావు గారి మొహం మీదకి తిప్పాడు. "ఇప్పుడు చూడండి."

ఎలీయాజరు చూశాడు. కెమెరాలో భాస్కరరావు గారు అచ్చం భాస్కరరావు గారిలా ఉన్నారు. బుగ్గ మీద మచ్చ, అరువు నవ్వు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు. ఇన్నేళ్ళలో వెయ్యి వాట్లతో తను ఎవరి మొహమూ ఇంత నిజంగా తీయలేదని అతనికి అనిపించింది. ఆ ఆనందం ఒక్క క్షణమే నిలిచింది. తన పనిని మింగేసే లైటును వీర్రాజు తన చేత్తోనే ఏరి ఇచ్చాడని గుర్తొచ్చింది.

"బరువెంతుంది వీర్రాజు గారూ?" అన్నాడు.

"బరువు లేదండి," అన్నాడు వీర్రాజు లైటును అటూ ఇటూ తిప్పి చూస్తూ. "అదేనండి వచ్చిన చిక్కు."

తిరుగు రైల్లో లైటు పెట్టె వీర్రాజు ఒళ్ళో కూర్చుంది. ఎలీయాజరు చెప్పవలసిన మాట పూళ్ళ స్టేషన్ దగ్గర మొదలుపెట్టి, భీమడోలు దగ్గర మానేసి, ఏలూరులో దిగాక, "షష్టిపూర్తికి మీరూ రావాలండి, సంచి పట్టుకోటానికి," అన్నాడు. "ఆయ్, అలాగేనండి," అన్నాడు వీర్రాజు.

ఫిబ్రవరిలో జోగారావు గారికి అరవై నిండాయి. పొద్దున పెళ్ళి, మళ్ళీ అదే భార్య కాంతం గారితో, నిర్విఘ్నంగా జరిగిపోయింది. సాయంత్రం సన్మానసభ. వేదిక మీద నాగేశ్వరరావు గారు పళ్ళు బిగించి కూర్చున్నారు. ఎలీయాజరు కొత్త లైటు వెలిగించి పని మొదలుపెట్టాడు. పురుగులు రాలేదు. వేడి లేదు, మేకప్ కరగలేదు, ఫ్యూజు పోలేదు. చిత్రం అద్భుతంగా వస్తోంది. ఇంతకన్నా ఘోరం ఎప్పుడూ జరగలేదు.

వీడియో తీస్తున్నట్టు ఎవరికీ తెలియలేదు. తెలియకపోవడంతో ఎవరూ పొట్ట లోపలికి తీసుకోలేదు, కాంతం గారి చేతుల గాజులు ముందుకు రాలేదు. అక్షింతలు వేయాల్సినవాళ్ళు అక్షింతలు పిడికిట్లో పట్టుకుని లైటు కోసం నిలబడిపోయారు. శాలువా తెచ్చినాయన దాన్ని జోగారావు గారి భుజాల దాకా తీసుకెళ్ళి, వెలుతురు పడలేదని వెనక్కి తీసుకున్నారు. ఆయన వెనక ఆగిన వరస పందిరి దాటి, వీధి దాటి, చెరువు గట్టు మీదకి పాకింది. వంటవాళ్ళు వరసలో నిలబడ్డవాళ్ళను చూసి రెండో ఎసరు పెట్టారు.

"వీడియో తీస్తున్నారా అసలు?" అన్నారు జోగారావు గారు శాలువా కోసం వంగి ఉన్నవారు వంగి ఉన్నట్టే.

"అరగంట నుంచి తీస్తున్నానండి."

"మరి వెలుతురేదండి?"

"మీ మొహం మీదే ఉందండి."

"నా మొహం మీదుంటే నాకు తెలియద్దా?" ఆయన గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువుంది. "అరవయ్యేళ్ళు వచ్చాయండి ఎలీయాజరు గారూ. కళ్ళు జిగేల్‌మనకపోతే సన్మానం అయిందని ఎలా అనుకోమంటారు?"

ఎలీయాజరు కెమెరాని ఆయన మొహానికి ఇంకాస్త దగ్గరగా తెస్తుండగా పందిరి మొత్తం ఒక్కసారి భగ్గున తెల్లబడింది. పందిరి చివర వీర్రాజు కుర్చీ మీద నిలబడి ఉన్నాడు. ముక్కుకీ నోటికీ తువ్వాలు చుట్టుకున్నాడు. కుడిచేయి పైకి లేచి ఉంది. చేతిలో వెయ్యి వాట్ల పాత హాలోజన్. వద్దన్న లైటును సంచి అడుగున బట్టల్లో చుట్టి తెచ్చుకున్నాడు. ఊళ్ళో ఉన్న పురుగులన్నీ ఆయన చుట్టూ మూగాయి. అంత దూరం నుంచి వేదిక మీది నోళ్ళకి ప్రమాదమేమీ లేదు.

సభకి ప్రాణం వచ్చింది. పొట్టలు లోపలికి వెళ్ళాయి, గాజులు ముందుకి వచ్చాయి, శాలువా భుజాల మీద పడింది. చెరువు గట్టు దాకా ఉన్న వరస పావుగంటలో కరిగిపోయింది. వీర్రాజు లైటు ఏ వైపు తిప్పితే ఆ వైపు జనం చిరునవ్వు నవ్వారు. కెమెరా అటు ఉందా లేదా అని చూసినవాళ్ళు లేరు. ఎలీయాజరు రెండో వైపు తిరిగి, చిన్న లైటుతో, వెలుతురు పడని వాళ్ళని తీసుకుంటూ పోయాడు.

డీవీడీ మండవల్లి చేరిన వారానికి కబురొచ్చింది. జోగారావు గారి ఇంటిల్లిపాదీ కూర్చుని చూశారట. బావగారు కానుకగా వచ్చిన వెండి కంచాన్ని గోరుతో గీకి పరీక్షించడం, నాగేశ్వరరావు గారు అధ్యక్షస్థానంలో నిద్రపోవడం, కాంతం గారు భర్తకి దండ వేస్తూ వంటాయన కోసం మెడ సాచి చూడటం అన్నీ వచ్చాయి. కంచం తెచ్చినవారి కుటుంబానికీ బావగారి కుటుంబానికీ మధ్య మాటలు ఆగిపోయాయి. "మొహాలు మొహాల్లాగే వచ్చాయండి," అన్నారు జోగారావు గారు ఫోనులో, ఎంతో మర్యాదగా. "ఇలాంటివి మన వైపు నడవవు. ఏమీ అనుకోకండి. వీర్రాజు గారి లైటు మాత్రం దివ్యంగా ఉందని అందరూ అన్నారు."

ఆ తరవాత ఎన్నికలు వచ్చాయి. మొదటి ఫోను నాగేశ్వరరావు గారి దగ్గర నుంచి. "కెమెరాలు అక్కర్లేదండి. అవి ఉన్నవీ లేనివీ తీసేస్తాయి. వీర్రాజు గారిని పంపండి చాలు." రెండో ఫోను ఆయన ప్రత్యర్థిది, అదే మాట. పోటీ పడి ఇద్దరూ వీర్రాజుకి జీపు పంపారు. ఇప్పుడు వీర్రాజు దగ్గర సొంత జనరేటరుంది, విజిటింగు కార్డుంది. రూబీ వీడియోస్‌కి పని తగ్గిన నెలల్లో ఆయనే ఎలీయాజరుని తోడు తీసుకెళ్తున్నాడు, వైరు పట్టుకోటానికి. ఎలీయాజరు వెళ్తున్నాడు. పద్దెనిమిదేళ్ళు తన వెనక నడిచిన మనిషి వెనక నడవడం అంత కష్టంగా ఏమీ లేదని రూబీకి చెప్పాడు కూడా.

మొన్న పెదపాడు సభకి మాత్రం అతను కెమెరా కూడా తెచ్చుకున్నాడు, ఎవరూ అడక్కుండానే. వీర్రాజు లైటు ఎత్తి జనం మీదకి తిప్పగానే, పైటలు సర్దుకున్నారు, జుట్టు దువ్వుకున్నారు, మాట్లాడుతున్నది ఎవరో తెలియకపోయినా తల పంకించారు. లైటు వెనకాల కెమెరా ఉందా అని ఒక్కరూ అడగలేదు. కెమెరా పక్కగా ఉంది. నెత్తిన చిన్న లైటు సగం వెలుతురులో ఉంది.

ఆ టేపు ఏలూరులో భద్రంగా ఉంది. కావాలంటే వచ్చి చూసుకోవచ్చు. రెండో వరసలో ఎడమవైపు నుంచి నాలుగో మనిషి, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని గడ్డం పైకెత్తినది మీరే. చాలా బాగా వచ్చారండి.