రాజుగారి ఆకులో మిగిలిన పండుగప్ప

గోదావరి లంకల్లో జనం ఇళ్ళ కప్పులెక్కి పడవల కోసం ఎదురుచూసిన వరద వచ్చిందే, ఆ వరద వెళ్ళిన రెండో ఏడు జరిగింది ఇది. ఒక సోమవారం తెల్లవారకుండానే సాంబశివరాజు లేచి, వసారాలో మేత కంపెనీ క్యాలెండర్ ముందు నిలబడి, ఆ రోజు గడిలో పెన్సిలుతో చుక్క పెట్టాడు. దాంతో చుక్కలు పదహారయ్యాయి.

నాలుక కుడి పక్కన, బాగా వెనక, కందిగింజంత పుండు. మొదటి వారం వేడి చేసిందనుకుని మజ్జిగ తాగాడు. రెండో వారం చిన్న చెరువులో రొయ్యల పట్టుబడి కానీ చూద్దాం అనుకున్నాడు. పట్టుబడి అయింది. రొయ్యలు లారీ ఎక్కి వెళ్ళాయి. పుండు మాత్రం ఉన్నచోటే ఉంది.

ఆయన అన్నగారికీ మొదట ఇలాగే కందిగింజంతే వచ్చింది. అమావాస్య వెళ్ళనీ, పౌర్ణమి వెళ్ళనీ అంటూ అన్నగారు ఆరు నెలలు ఆగాడు. ఆ తరవాత ఆయన్ని ఆపడం ఎవరివల్లా కాలేదు. అందుకని సాంబశివరాజుకి డాక్టరు దగ్గరికి వెళ్ళాలనీ ఉంది, వెళ్ళకూడదనీ ఉంది. వెళితే దానికో పేరు పెడతారు. పేరు పెట్టనంతసేపూ అది వట్టి పుండే.

ఆవేళ మాత్రం వెళ్ళి తీరాలనుకున్నాడు. చెరువు మందులు తెస్తానని చెప్పి, ఒక్కడే భీమవరం వెళ్ళి, పళ్ళ డాక్టరుకి చూపించుకుని, మధ్యాహ్నానికల్లా వచ్చేయాలి. భార్య బంగారమ్మకి చెప్పదలచుకోలేదు. నోట్లో పుండు అన్న మాట వినపడితే చాలు, ఆమెకి బావగారు గుర్తొస్తారు. అది మొదలు ఇంట్లో ఏడుపు. ఏడుపు మొదలైతే కాఫీ పొంగేలోపు కూతురి అత్తారి పెనుగొండ దాకా తెలిసిపోతుంది.

బయల్దేరే ముందు చెరువు దగ్గరికి వెళ్ళాడు. చిట్టియ్య అక్కడ ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న మనిషి, రాజుగారి ఈడువాడే. రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగి చూపించాడు. వేసిన మేతలో గుప్పెడు అలాగే మిగిలింది.

"రేపటికి తినేత్తాయేమోనండి. ఒక్క రోజు సూద్దామండి," అన్నాడు చిట్టియ్య.

"మేత వదిలేసిందంటే లోపల ఏదో ఉన్నట్టు. ల్యాబుకి పద."

ఇంట్లో వారం రోజులకి సరిపడే మాటలు ఆయన చెరువు గట్టు మీద అలా ఒక్కసారే ఖర్చుపెట్టేస్తాడు. చిట్టియ్య నాలుగు రొయ్యలు డబ్బాలో వేసుకుని ల్యాబుకి వెళ్ళాడు. సాంబశివరాజు చొక్కా మార్చుకుందామని ఇంటికి వచ్చేసరికి బంగారమ్మ పట్టుచీర కట్టుకుని వసారాలో కూర్చుని ఉంది.

"రామభద్రరాజు అన్నయ్యగారు ఫోన్ చేశారండి. నాలుగు కేజీల పండుగప్ప దొరికిందట. భోజనానికి రమ్మన్నారు. వస్తామని చెప్పేశాను."

రామభద్రరాజు వాళ్ళ వియ్యంకుడు. పెనుగొండ దగ్గర ఊరు. మర్యాదకి ప్రాణం పెట్టే మనిషి. ఆయన పిలిస్తే వెళ్ళకపోవడం అనేది ఆ వైపు ఎవరూ చేసి చూడలేదు. 'ఒక్క రోజే కదా' అనుకున్నాడు సాంబశివరాజు. లోపల ఎక్కడో, వెళ్ళక్కర్లేకుండా పోయినందుకు హాయిగానే అనిపించింది.

అరిటాకులు వేశారు. పండుగప్ప పులుసు, గోంగూర రొయ్యలు, కోడి వేపుడు, పీతల ఇగురు వచ్చాయి. రామభద్రరాజు పంచె ఎగగట్టి తనే వడ్డించాడు. "మీరూ కూర్చోండి బావగారూ," అంటే, "మీరు తిన్నాకే నేను," అన్నాడు. చివరికి నిలబడే గ్లాసుడు మజ్జిగ తాగాడు. అతిథి తిన్నాకే ముద్ద ముట్టే మనిషని అందరూ మెచ్చుకున్నారు.

సాంబశివరాజు ఎడమ పక్కనించి నమలవచ్చనుకుని పులుసు ముద్ద నోట్లో పెట్టాడు. పులుసుకి కుడీ ఎడమా తెలియదు. ఆయన కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. ముద్ద మింగేసి, పెరుగు వేయించుకుని, నాలుగు మెతుకులు కతికి ఆకు మడిచేశాడు.

"అదేంటండి అన్నయ్యగారూ! పండుగప్ప అలాగే ఉంది!" వియ్యపురాలు గరిటెతో అలాగే నిలబడిపోయింది.

"చాలమ్మా."

కారు వీధి మలుపు తిరిగిందో లేదో రామభద్రరాజు ఇంట్లో విచారణ మొదలైంది. అరగంటలో నేరం తేలింది. చేప తలకాయ ముక్క వియ్యంకుడి ఆకులో పడాలి. అది పొరపాటున వియ్యపురాలి తమ్ముడి ఆకులో పడింది. అతను దాన్ని చప్పరించి మరీ తిన్నాడు.

"మనిషి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడే! నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. అంత పెద్దమనిషి!" అన్నాడు రామభద్రరాజు.

మర్నాడు పొద్దున్న పెనుగొండ నించి ఒక కారు వచ్చింది. అందులో డ్రైవరు, డ్రైవరు పక్క సీట్లో ఒక స్టీలు క్యారియర్ ఉన్నాయి. క్యారియర్‌లో తలకాయ ఒక్కటే ఉంది, పులుసులో తేలుతూ.

సాంబశివరాజు మూత తీసి చూసి, మళ్ళీ పెట్టేసి, చెరువు దగ్గరికి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం బంగారమ్మ వియ్యపురాలికి ఫోన్ చేసింది. "ముట్టుకోలేదండి వదినగారూ. తలకాయ వంక అదోలా చూసి వెళ్ళిపోయారు."

సాయంత్రానికి కూతురు మంజుష ఫోన్లో ఏడుస్తోంది. "మా వల్ల ఏం తప్పు జరిగింది నాన్నా? అత్తయ్యగారు పొద్దుట్నించి అన్నం తినలేదు."

"ఏం లేదమ్మా," అన్నాడు సాంబశివరాజు. నాలుక కదపకుండా అన్నాడేమో, ఆ మాట రాతి మీద గీసినట్టు వినపడింది. మంజుష ఇంకా గట్టిగా ఏడ్చింది.

బుధవారం బంగారమ్మ కంట క్యాలెండర్ పడింది. వరసగా పద్దెనిమిది చుక్కలు ఉన్నాయి. మొదటి చుక్క ఏ రోజుదా అని వేలు పెట్టి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వెళ్ళింది. వేలు ఒక గడిలో ఆగింది. అది అల్లుడు వంశీ భీమవరంలో రొయ్యల మేత షాపు తెరిచిన రోజు. మామగారిని సలహా అడగకుండా తెరిచాడు. ఆవేళ వేటమాంసం పులావు తింటూ తింటూ ఈయన మధ్యలో 'ఊఁ' అని దవడ పట్టుకున్నాడు కూడా. కోపం ఆపుకోవడానికే పళ్ళు బిగబట్టాడని ఇప్పుడు తెలిసింది ఆమెకి.

"తలకాయ కాదండి వదినగారూ," అని ఫోన్లో గుసగుసలాడింది. "షాపు! ఆ రోజు నించీ గోడ మీద రోజులు లెక్కపెడుతున్నారు."

శనివారం పొద్దున్న చెరువు గట్టు మీదికి మూడు కార్లు, ఒక ట్రక్కు ఆటో వచ్చాయి. ఆటోలో వంటవాళ్ళు, డేగిశాలు. తిండికి భయపడి సాంబశివరాజు, తెల్లారి ఇంటికెళ్ళి చుక్క పెట్టి రావడం తప్ప, నాలుగు రోజులుగా అక్కడి మకాంలోనే ఉంటున్నాడు. తిండే ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. చెరువు నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్ల హోరు మధ్య షామియానా వేశారు. పదిహేను మంది చూస్తుండగా ఆయన్ని ఒక్కణ్ణీ అరిటాకు ముందు కూర్చోబెట్టారు. ఈసారి గోంగూర పక్కన తలకాయ ముక్కలు రెండు వేశారు.

వంశీ వచ్చి ఆకు పక్కన తాళాల గుత్తి పెట్టాడు. ముఖం పీక్కుపోయి ఉంది.

"మావయ్యగారూ, మిమ్మల్ని అడక్కుండా షాపు పెట్టడం తప్పేనండి. తాళాలు ఇవిగోండి. మీరు ముద్ద తింటే షాపు ఉంచినట్టు. తినకపోతే ఇవాళే మూసేస్తాను. మళ్ళీ అడగను."

సాంబశివరాజు తాళాలు చూశాడు. అల్లుడి ముఖం చూశాడు. కూతురు షామియానా గుంజ పట్టుకుని నిలబడి ఉంది. నోట్లో పుండు అని ఒక్క మాట అంటే అయిపోతుంది. కానీ ఆ మాట వెనకాలే అన్నగారి మాట వస్తుంది. ఆ మాట బంగారమ్మ నోటి నించి వినడం కంటే గోంగూర నయం అనుకున్నాడు. ముద్ద కలిపి నోట్లో పెట్టాడు.

గోంగూర నయం కాదు. ఆయన లేచి, గట్టు చివరికి పరిగెత్తి, ముద్ద ఉమ్మేశాడు.

"అయిపోయింది!" అని అరిచాడు రామభద్రరాజు. "పదిమందిలో నా అన్నం ఉమ్మేశాడు! బావగారూ, మీకూ మాకూ ఇవాల్టితో సరి! వంశీ, ఆ తాళాలు కాలవలో పారెయ్!"

మంజుష కూలబడింది. వంశీ తాళాలు తీసుకుని కాలవ వైపు నడిచాడు. అప్పుడు ట్రే తాడు చేత్తో పట్టుకుని చిట్టియ్య అడ్డం వచ్చాడు.

"ఒక్క మాటండి. సిన్నోణ్ణి, తప్పయితే సెమించండి. ట్రేలో మేత మిగిల్తే రొయ్యకి కోపం వచ్చిందంటారాండి?"

చిట్టియ్య తాడు లాగి ట్రే గట్టు మీద పెట్టాడు.

"జబ్బు అంటారండి. ఒక్క పూట ఆగనివ్వరండి రాజుగారు. ఆయన ఆకులో మిగలబట్టి ఎన్నాళ్ళయిందోనండి. ఒక్కళ్ళయినా నోరు తెరిపించి సూశారాండి?"

రొయ్యల్ని సాకి ఇంతవాళ్ళమయ్యాం అని చెప్పుకునేవాళ్ళు పదిహేను మందీ తలలు దించుకున్నారు. వంశీ వెనక్కి వచ్చి, ఫోన్ టార్చి వేసి, "మావయ్యగారూ, ఒక్కసారి నోరు తెరవండి," అన్నాడు. సాంబశివరాజుకి ఇంక దారి లేక తెరిచాడు. ఒకరి భుజం మీంచి ఒకరు వంగి చూశారు. తేనె రాయమన్నారొకరు. పటిక అన్నారొకరు. బీ కాంప్లెక్స్ అన్నారు. వియ్యపురాలి తమ్ముడు మాత్రం, తలకాయ మీద కోపం కాదన్నమాట అని ఊపిరి పీల్చుకుని, ఆ ఆకు ముందు కూర్చున్నాడు.

బంగారమ్మ ఏడవలేదు. "ఆ చుక్కలు దీనివా?" అని అడిగింది. ఆయన తలూపాడు. "ఇరవై ఒక్క రోజులు గోడకి చెప్పారు. నాకు చెప్పలేదు. రేపు పొద్దున్నే భీమవరం." అంతే అంది. దానికంటే ఏడిస్తేనే బాగుండేదనిపించింది సాంబశివరాజుకి.

"నేనూ వస్తాను," అన్నాడు రామభద్రరాజు. "ఈ మనిషి మధ్యలో దిగి పారిపోతాడు."

డాక్టరు పేరు భవ్య. మంజుష వయసుంటుంది. ఆదివారమైనా వంశీ ఫోన్ చేస్తే వచ్చి క్లినిక్ తెరిచింది. రెండు నిమిషాలు చూసి, "ఈ దవడ పన్ను ఎప్పుడు విరిగిందండి?" అని అడిగింది.

"షాపు రోజు. పులావులో మూలుగ ఎముక."

"ఆ అంచు రోజూ నాలుకని గీస్తోందండి. ఇంక ఎలా మానుతుంది?" అంచు నున్నగా అరగదీసింది. "మామూలు పుండు వారం పది రోజుల్లో మానాలి. రెండు వారాలు దాటితే చూపించుకోవాలి. మూడు వారాలైతే అసలు ఆగకూడదు. ఇంకో రెండు వారాల్లో ఇది మానాలి. మానకపోతే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుదాం. మానినా ఒకసారి వచ్చి చూపించండి."

రామభద్రరాజు పగలబడి నవ్వాడు. "పన్ను అంచుకి మూడు కార్లు తిప్పించారు కదా బావగారూ!" నవ్వడం అయ్యాక తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు. "ఒక మాటమ్మా. నాకు కాదు. మావాళ్ళలో ఒకాయనకి. బుగ్గ లోపల ఎర్రగా, మూడు నెలల్నించి ఉందట. కారం తగిలితేనే మంట, మామూలప్పుడు నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి పర్లేదు కదా?"

"చుట్ట కాలుస్తారా ఆయన?"

"మానేద్దామని ఉంది... ఆయనకి."

"ఆయన్ని ఈ కుర్చీలో కూర్చోమనండి."

రామభద్రరాజు కండువా తీసి సాంబశివరాజు చేతికిచ్చాడు. తరవాత ఆ ఒకాయన్ని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు.

డాక్టరు ఈసారి రెండు నిమిషాల్లో లేవలేదు. లేచాక నవ్వలేదు. రాజమండ్రిలో పెద్దాసుపత్రికి చీటీ రాసి, "రేపే వెళ్ళండి. ఎల్లుండి కాదు," అంది.

"నొప్పి లేదమ్మా."

"అందుకేనండి."

సాంబశివరాజుకి అప్పుడు మజ్జిగ గ్లాసు గుర్తొచ్చింది. ఇంటినిండా కూరలు పెట్టుకుని ఆ మనిషి నిలబడి మజ్జిగ తాగిన సంగతి. తన ఆకులో మిగిలిన ముక్క కోసం రెండూళ్ళు అల్లకల్లోలమయ్యాయి. వడ్డించేవాడి ఆకు సంగతి ఎవరూ అడగలేదు. అసలు ఆయన ఆకు వేసుకుంటేగా!

మర్నాడు పొద్దున్న సాంబశివరాజు ట్రేలు చిట్టియ్యకి వదిలేసి, కారు తీసి, తిన్నగా పెనుగొండ వైపు వెళ్ళాడు. రామభద్రరాజు లుంగీతో వీధరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఇవాళ పట్టుబడి ఉంది బావగారూ. వచ్చే వారం చూద్దాం లెండి."

సాంబశివరాజు కారు తలుపు తీసి పట్టుకున్నాడు.

"మేత వదిలేసిందంటే లోపల ఏదో ఉన్నట్టు. పదండి."

రామభద్రరాజు లోపలికి వెళ్ళి చొక్కా తొడుక్కుని వచ్చాడు. దారిలో రావులపాలెం దగ్గర ఆగి ఇద్దరూ ఇడ్లీ తిన్నారు. అల్లప్పచ్చడి ఇద్దరూ ముట్టుకోలేదు. ఒకళ్ళనొకళ్ళు ఏమీ అనుకోలేదు.

హోటలాయన మాత్రం నొచ్చుకున్నాడు.